నిప్పుకోడి వంతు

చర్చి స్త్రీల కూటంలో చీటీలు తీసే రోజంటే గంటమ్మకు హడలు. చీటీకి కాదు, తన అదృష్టానికి భయపడేది. పోయినేడు బైబిల్లోని చెట్ల మీద మాట్లాడమన్నారు. బేకరీ వదినకు దేవదారు వచ్చింది. వీధి చివరి నర్సుకు ఒలీవ చెట్టు వచ్చింది. నిన్నగాక మొన్న చేరిన ఓ పిల్లకు ద్రాక్షతీగ వచ్చింది. గంటమ్మకు ముళ్ళపొద వచ్చింది. దాని మీద ఆమె చెప్పిన నాలుగు మాటలకు అందరూ చప్పట్లు కొట్టారు గానీ, ఆ తర్వాత చాన్నాళ్ళు ఎదురుపడితే చాలు, "ముళ్ళపొద కులాసానా?" అని పలకరించేవాళ్ళు.

ఆ సంఘంలో ఇదో ఆనవాయితీ. పాస్టరమ్మగారు ఏడాదికో వరస ఎంచుకుని, చీటీలు రాసి బిస్కెట్ల డబ్బాలో వేసి తెస్తుంది. ఎవరికి ఏది వస్తే దాని గురించి వాళ్ళు మరుసటి ఆదివారం అందరి ముందూ నిలబడి మాట్లాడాలి. నియమం ఒక్కటే, ముందుగా దాన్ని కళ్ళారా చూసి రావాలి. "చూడనిదాని గురించి ఎవరైనా చెప్తారు, మీరు చూసి చెప్పండి" అంటుంది పాస్టరమ్మగారు. పోయినేడు ఆ నియమం పుణ్యమా అని గంటమ్మ వేళ్ళనిండా ముళ్ళు గుచ్చుకున్నాయి.

ఈసారి పక్షుల వంతు. గంటమ్మ కన్ను పావురం మీద పడింది. పావురమైతే పని సులువు. ఓడలోంచి ఎగిరింది, ఆకు పట్టుకొచ్చింది, అయిపోయింది. చూడ్డానికి ఎక్కడికీ పోనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. పోనీ గద్దయినా ఫరవాలేదు, రెక్కల మీద పిల్లల్ని మోస్తుందని చెప్పి కూర్చోవచ్చు. కాకి వచ్చినా కాదనేది కాదు. ప్రవక్తకు రొట్టె మోసుకొచ్చిన కాకిని తక్కువ చేయడానికి లేదు.

పావురం బేకరీ వదినకు వచ్చింది. "ఈవిడ చేతికి జిగురేమన్నా ఉందా, మంచివన్నీ అక్కడే అంటుకుంటాయి" అని గొణుక్కుంటూ గంటమ్మ తన చీటీ విప్పింది. అందులో 'నిప్పుకోడి' అని ఉంది.

"ఇదెక్కడి గొడవ? ఇది బైబిల్లో ఉందా అసలు?" అంది.

"ఉంది గంటమ్మా, యోబు గ్రంథంలో. చూడాలంటే మాత్రం జూకి వెళ్ళాలి" అంది పాస్టరమ్మగారు నవ్వు ఆపుకుంటూ. బేకరీ వదిన మాత్రం ఆపుకోలేదు.

గంటమ్మ అనేది ఆమె అసలు పేరు కాదు. ఊరి బడిలో గంట కొట్టే ఆయాగా పని మొదలుపెట్టి, అక్కడే రిటైరయింది. పేరు పోయి గంట మిగిలింది. గొంతు కూడా గంటే. ఆమె వంటింట్లో గుసగుసలాడితే వీధిలో కుక్క లేచి నిలబడుతుందని కొడుకు అంటాడు.

కొడుకు టైలరు. ముందు గదే దుకాణం. మిషను, ఇస్త్రీ బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన చొక్కాలు, మధ్యలో ఉయ్యాల. ఉయ్యాల తాడు చివర తన కాలి బొటనవేలికి కట్టుకుని, రెండో కాలితో మిషను తొక్కుతూ బిడ్డను నిద్రపుచ్చుతాడు. అది చూసినప్పుడల్లా గంటమ్మకు ఒళ్ళు మండుతుంది. మగాడు ఉయ్యాల ఊపడమేమిటి, అదీ కాలితో! ఆమె లెక్కలో పసిబిడ్డను సాకడం మగాడి వల్ల కాదు. కొడుకు రోజూ సాకుతున్నా సరే, కాదు.

కోడలు సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, బిడ్డకు పాలిచ్చి, నుదుటిన ముద్దు పెట్టి, జుట్టు ముడేసుకుంటూ వెళ్ళిపోతుంది. సాయంత్రం డీజిల్ వాసనతో వస్తుంది. మనిషి మంచిదే, ఆ మాట గంటమ్మ కూడా కాదనదు. కాకపోతే ఇంట్లో నోరు విప్పదు. అడిగినదానికి జవాబు, అంతే. ఒక గంటకు మరో గంట తోడైతే గోల గానీ, మూగ గంట పక్కన నిలబడితే మొదటి గంటకు ఇంకా చిరాకు.

గొడవంతా పోయిన సోమవారం మొదలైంది. కోడలికి దూరపు బస్సు ఇస్తామన్నారు. సిటీ బస్సు నడిపేవాళ్ళకు అది పెద్ద మెట్టు. ఆమె అత్తగారి ఎదుట నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అత్తయ్యా, వచ్చే సోమవారంలోపు జవాబు చెప్పాలి. ఇక్కడి నుంచే వెళ్ళొస్తానంటే ఒక రాత్రి బయట ఉండాలి, మర్నాడు సాయంత్రానికి వస్తాను. ఆ రాత్రి బిడ్డను మీరూ ఆయనా చూసుకోవాలి. లేదంటే అవతల ఊరి డిపో పక్కన క్వార్టర్సు ఇస్తారట. అక్కడుంటే రోజూ రాత్రికి ఇంటికి చేరతాను. ఆయన మిషను ఎక్కడైనా నడుస్తుంది. మీరేమంటారు?"

గంటమ్మ చెవికి అందులో ఒక్క ముక్కే చేరింది. ఒప్పుకోకపోతే బిడ్డను తీసుకుని పోతాం! అడగడం కాదిది, బెదిరించడం. "పాలు తాగే పిల్లను వదిలి ఏ తల్లి అయినా రాత్రి బయట ఉంటుందా?" అంది. కోడలు ఇంకేదో చెప్పబోయింది. గంటమ్మ వినలేదు, గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆవిడ గిన్నెలు తోముతుంటే అవతలివాళ్ళ మాట వినపడదు, అందుకే తోముతుంది.

ఇలాంటి వారంలో చేతికి వచ్చిన చీటీ అది. ఆ సాయంత్రమే కళ్ళజోడు పెట్టుకుని యోబు గ్రంథం తెరిచింది. వేలితో వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, నిప్పుకోడి దగ్గర ఆగింది. చదివింది. మళ్ళీ చదివింది. ఆ పక్షి గుడ్లు నేల మీద వదిలేసి పోతుందట. ఏ కాలో తగిలి చితికిపోతాయేమో, ఏ అడవి జంతువో తొక్కుతుందేమో అన్న ఆలోచనే ఉండదట. పిల్లలు తనవి కానట్టు కఠినంగా ఉంటుందట. దేవుడు దానికి తెలివి ఇవ్వలేదట.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది గంటమ్మకు. ఇది పక్షా? ఖాకీ చొక్కా ఒక్కటే తక్కువ! పోయినేడు ముళ్ళపొద ఎందుకిచ్చాడో తెలియదు గానీ, ఈ ఏడు చీటీ మాత్రం దేవుడు చిరునామా రాసి పంపాడు. విలాపవాక్యాలు అనే మరో గ్రంథంలోనూ ఎడారిలో తిరిగే ఈ పక్షినే క్రూరత్వానికి గుర్తుగా చెప్పారని పాస్టరమ్మగారు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. ఇద్దరు సాక్షులు దొరికాక ఇంకేం కావాలి? పుస్తకం మూసేసింది.

కావలసిన మాట దొరకగానే పుస్తకం మూసేయడం ఆమెకు పాత అలవాటు. బడిలోనూ అంతే. గంట కొట్టడం వరకే ఆమె పని. పాఠంలో ఇంకా ఏం మిగిలిందో మాస్టార్లు చూసుకోవాలి.

మర్నాటి నుంచి ప్రసంగం సాధన మొదలైంది. వినేది చంటిది. వంటగదిలో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అరటిపండు గుజ్జు తినిపిస్తూ గంటమ్మ ఉపన్యసించేది.

"సహోదరీలారా! గుడ్లు వదిలేసి పోయే పక్షి అడవిలోనే ఉందనుకోకండి. మన ఇళ్ళల్లోనూ ఉంది. పొద్దున్నే లేచి, బిడ్డను దుమ్ములో పడేసి, బండెక్కి పోతుంది. అలాంటి నిప్పుకోళ్ళకు దేవుడు తెలివి ఇవ్వలేదని నేననడం లేదు, వాక్యమే అంటోంది..."

చంటిది ఆనందంగా చేతులు ఊపింది. దాని చూపు మాత్రం నాయనమ్మ మీద లేదు, ఆమె భుజం మీదుగా ఎక్కడికో పోతోంది. గంటమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆ రోజు బస్సుకు మరమ్మతు వచ్చి తొందరగా ఇంటికి పంపేశారు. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ముఖం చూస్తే మొదటి నుంచీ విన్నట్టే ఉంది.

కోడలు పంపు దగ్గర చేతులు కడుక్కుంది. వచ్చి బిడ్డను ఎత్తుకుంది. "ఆదివారం నాకు మధ్యాహ్నం డ్యూటీయే అత్తయ్యా. కూటానికి నేనూ వస్తాను" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

సాయంత్రం కొడుకు మిషను ఆపి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. మిషను ఆపాడంటే సంగతి చిన్నది కాదు.

"అమ్మా, నువ్వు ఆ ప్రసంగం అందరి ముందూ చెప్తే సోమవారం క్వార్టర్సుకి సంతకం పెట్టేస్తానంది. నేను కాదనలేను. కాదనడానికి నా దగ్గర మాట లేదు."

"పెట్టుకోమను. నేనేమన్నా పట్టుకుని వేలాడుతున్నానా?" అంది గంటమ్మ.

"మరి చంటిది?"

ఆమె లేచి గిన్నెలు తోమింది. అవి అప్పటికే తోమినవి. తోముతున్నంతసేపూ, ఉయ్యాల తీసేసిన ముందుగది ఎలా ఉంటుందో కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. మిషను కూడా ఉండదు. గోడకు మేకులు మిగులుతాయి. అయినా మాట వెనక్కి తీసుకోవడమంటే ఆమెకు కొట్టిన గంటను వెనక్కి తీసుకోవడమే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

శనివారం మధ్యాహ్నం దాటాక జూకి బయల్దేరింది. నియమం నియమమే. జూకి పోయే బస్సు ఒక్కటే. దాన్ని నడిపేది కోడలే. ఈ సంగతి గంటమ్మకు తెలియక కాదు, ఇంకో దారి లేక. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా కోడలి బస్సు ఎక్కలేదు. ఎక్కగానే కండక్టరు గుర్తుపట్టి, "డ్రైవరమ్మ అత్తగారా! కూర్చోండి, కూర్చోండి, మీకు టికెట్టేమిటి" అన్నాడు.

"టికెట్టు కొట్టండి. ఎవరి అత్తయినా టికెట్టు టికెట్టే" అంది ముందు నుంచి కోడలు, వెనక్కి తిరక్కుండానే. గంటమ్మ టికెట్టు కొనుక్కుని, మూతి ముడుచుకుని కిటికీ పక్కన కూర్చుంది.

తప్పు పట్టడానికే ఎక్కింది గనుక కళ్ళు కోడలి మీదే పెట్టింది. కానీ తప్పేదీ చిక్కలేదు. బస్సు కుదుపు లేకుండా సాగింది. ఒక స్టాపులో కర్ర పట్టుకున్న ముసలాయన దిగేదాకా కోడలు ఆగింది, వెనకున్న కార్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నా ఆగింది. ఇంకో స్టాపులో బడి పిల్లలు "డ్రైవరక్కా!" అని అరిచి చేతులూపారు. ఇదంతా చూస్తే గంటమ్మకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సంతోషిస్తే రేపటి ప్రసంగం ఏం కావాలి?

అంతలో ఒక మోటారు సైకిలు కుర్రాడు బస్సును దాటుకుంటూ వచ్చాడు. నడిపేది ఆడమనిషని చూశాక, కావాలని అడ్డం తిప్పి, చెయ్యెత్తి ఏదో వెక్కిరించి, రయ్యిన దూసుకుపోయాడు. బస్సులో ఒకరిద్దరు తిట్టారు. కోడలు మాత్రం తన దారిన తాను పోనిచ్చింది. ముందు సిగ్నల్ దగ్గర చూస్తే ఆ కుర్రాడి బండి ఆగిపోయి ఉంది. దిగి తంతున్నాడు, తంతున్నాడు, అది కదలదు. పచ్చ దీపం వెలిగింది. బస్సు అతని పక్క నుంచి నెమ్మదిగా, రాజసంగా వెళ్ళింది. కోడలు కిందికి చూసి నవ్వింది. పెదవి చివర నవ్వు కాదు, గొంతు నిండా, పగలబడి నవ్వింది. బస్సంతా కలిసి నవ్వింది.

గంటమ్మ కూడా నవ్వేసింది. నవ్వాక ఉలిక్కిపడింది. ఈ పిల్లకు ఇంత నవ్వు ఉందా? ఇల్లు చేరేలోపు దీన్ని ఎక్కడ దింపేసి వస్తోంది? ఆలోచిస్తుంటే, దింపే స్టాపు బహుశా తానేనేమో అనిపించి, మనసు చివుక్కుమంది.

జూలో జనం పలచబడ్డారు. కంచె అవతల ఇసక నేల మీద రెండు నిప్పుకోళ్ళు ఉన్నాయి. ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ అటూ ఇటూ తిరుగుతోంది. రెండోది బూడిద రంగుది, ఇసకలో చతికిలబడి కూర్చుంది. మెడలు చూస్తే కొలిచి కుట్టడానికి తన కొడుక్కి కూడా టేపు చాలదనిపించింది. కాసేపటికి బూడిద రంగుది లేచింది. దాని కింద గుడ్లు, ఒక్కోటి చిన్న కుండంత. అది వెనక్కి చూడకుండా గడ్డి వైపు నడిచిపోయింది.

"అదిగో! వదిలేసింది! వాక్యంలో ఉన్నట్టే!" అని గంటమ్మ పైకే అనేసింది. మేత బకెట్టు పట్టుకుని పోతున్న జూ మనిషి ఆగాడు.

మరుక్షణం నల్లది గుడ్ల దగ్గరకు వచ్చింది. ముక్కుతో ఒక్కో గుడ్డునూ సర్దింది. కాళ్ళు మడిచి, రెక్కలు పరిచి, ఎక్కడా సందు లేకుండా కప్పుకుని కూర్చుంది.

"చూశావా నాయనా, తల్లంటే ఇదీ! దాని తెలివే తెలివి" అంది గంటమ్మ నల్లదాన్ని చూపిస్తూ.

"అది తల్లి కాదమ్మా, తండ్రి. రాత్రంతా ఇదే పొదుగుతుంది. పగలు ఆడది. సాయంత్రం అయ్యేసరికి ఇలా డ్యూటీ మారతాయి" అని చెప్పి అతను బకెట్టుతో వెళ్ళిపోయాడు.

గంటమ్మ కంచె పట్టుకుని చాలాసేపు ఆ నల్లదాన్నే చూసింది. అది కూడా మెడ తిప్పి ఆమెను చూసింది, ఏం కావాలన్నట్టు. సిగ్గులేని మగాడు, ఎంత హాయిగా కూర్చున్నాడో! ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వాక్యం అబద్ధం చెప్పదు. కళ్ళూ అబద్ధం చెప్పడం లేదు. అయితే మధ్యలో తప్పు చదివింది ఎవరు?

బయట బస్సు స్టాపు బల్ల మీద కూర్చుని సంచిలోంచి బైబిలు తీసింది. ఈసారి నిప్పుకోడి దగ్గర కాదు, అధ్యాయం మొదటి నుంచీ చదివింది. అందులో మాట్లాడేది దేవుడు. యోబుకు తన అడవిని చూపిస్తున్నాడు. కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా అంటాడు. అడవి గాడిదకు కట్లు విప్పి స్వేచ్ఛగా వదిలింది ఎవరంటాడు. ఎవరికీ లొంగనివి, ఎవరి పనికీ రానివి, వాటినే ఏరి ఏరి చూపిస్తున్నాడు. ఆ వరసలో నిప్పుకోడి వస్తుంది. గుడ్లు వదిలేస్తుంది, తెలివి లేదు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత, తాను పుస్తకం మూసేసిన చోట, ఇంకో మాట ఉంది. అది లేచి పరుగందుకుందంటే గుర్రాన్నీ, గుర్రం మీద కూర్చున్నవాణ్ణీ చూసి నవ్వుతుందట.

గంటమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మోటారు సైకిలు కుర్రాడు గుర్తొచ్చాడు.

అప్పుడు ఆ మాటల వరస చెవికి వేరుగా వినిపించింది. వీధిలో ఏ నాయనమ్మ అయినా మనవరాలి గురించి పొరుగావిడతో అనే తీరు అది. మా దానికి బుద్ధి లేదు, చెప్పింది వినదు, ఒక వస్తువు పెట్టినచోట ఉంచదు, కానీ పరిగెత్తిందా, అబ్బో! అది తిట్టు కాదు, మురిపెం. దేవుడు ఆ పక్షిని చూసి మురిసిపోతున్నాడు. తాను ఆ మురిపెంలోంచి తిట్టు వరకే కత్తిరించుకుని, కోడలికి కొలిచి కుట్టింది.

తిరుగు బస్సునూ కోడలే నడిపింది. ఇద్దరు మూగవాళ్ళు ఒకే బస్సులో ఇంటికి వచ్చారు.

ఆదివారం కూటం గది కిక్కిరిసింది. బేకరీ వదిన పావురం గురించి చక్కగా చెప్పింది, మధ్యలో ఆకు కూడా చూపించింది. నర్సు పిచ్చుక గురించి చెప్పి అందరినీ ఏడిపించింది. వెనక వరసలో ఖాకీ చొక్కాతో కోడలు, ఒళ్ళో చంటిది. డ్యూటీకి టైమవుతోందని గోడ గడియారం వైపు చూస్తోంది. తలుపు దగ్గర కొడుకు మెడలో టేపుతో నిలబడ్డాడు. స్త్రీల కూటం గనుక లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

"గంటమ్మ, నిప్పుకోడి" అంది పాస్టరమ్మగారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

గంటమ్మ లేచి ముందుకు వెళ్ళింది.

"సహోదరీలారా" అంది. ఆగింది. "ఈ పక్షి గుడ్లు వదిలేసి పోతుందని రాసి ఉంది. అక్కడిదాకా చదివి నేను పుస్తకం మూశాను. మూసి, మా కోడలికి ఆ పేరు పెట్టాను. మీ అందరి ముందూ దాన్ని ఎండగట్టాలని వారమంతా సాధన చేశాను. మా చంటిదానికి ప్రసంగమంతా నోటికి వచ్చు, దానికి మాటలు రాకపోబట్టి బతికిపోయాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో తెలియక అందరూ వెనక వరస వైపు చూశారు.

"నిన్న వెళ్ళి చూశాను. తల్లి లేచింది, తండ్రి కూర్చున్నాడు. ఒక గుడ్డుకీ గాలి సోకలేదు. తర్వాత మిగతాది కూడా చదివాను. అది పరిగెత్తితే గుర్రాల్ని చూసి నవ్వుతుందట. దేవుడు దాని పరుగు చూసి మురిసిపోతున్నాడమ్మా. ఇల్లు పట్టి కూర్చోలేదని కోపగించుకోవడం లేదు. మా కోడలు కూడా అలా నవ్వుతుంది. నిన్ననే విన్నాను. నా ఇంట్లో ఎప్పుడూ వినలేదు."

ఇక్కడితో ఆపేస్తే ప్రసంగం బాగుండేది. ఆపుదామనే అనుకుంది. కానీ నోరు ఆగలేదు.

"బిడ్డ ఏమైపోతుందో అని గోల చేశాను గానీ, బిడ్డకేం? దానికి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. నా భయం అది కాదు. క్వార్టర్సు మాట వినగానే నాకు ఇంకేం వినపడలేదు. ఇసకలో వదిలేసి పోయేది దాన్ని కాదు, నన్నేమోనని..."

గొంతు అక్కడ తెగిపోయింది. అప్పుడు వెనక వరసలో కోడలు లేచి నిలబడింది. ఆ నిలబడడం చూసి కొడుకు మెడలో టేపును గట్టిగా పట్టుకున్నాడు.

"అత్తయ్యా, క్వార్టర్సంటే ఒక్కటే గది. మంచం, మిషను వేస్తే తలుపు తెరుచుకోదు. మీరు అందులో పట్టరు. అందుకే ఇక్కడి నుంచే వెళ్ళొస్తానని అడిగాను. వెళ్ళిపోవాలనుకుంటే మిమ్మల్ని అడిగేదాన్నా? చెప్పేసి వెళ్ళేదాన్ని."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా!" అంది గంటమ్మ. గొంతు తిరిగి వచ్చేసింది.

"మీరు గిన్నెలు తోమడం ఆపితేగా!"

గది గొల్లుమంది. పాస్టరమ్మగారు డబ్బా మీద తల ఆనించి నవ్వింది. బేకరీ వదిన పావురం ఆకుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే, సోమవారం దాకా ఎందుకు? అందరూ వినండి, వెళ్ళమంటున్నాను. ఆ రాత్రి బిడ్డ నా దగ్గర ఉంటుంది" అంది గంటమ్మ. తలుపు దగ్గర కొడుకు దగ్గాడు. "సరే, వాడి దగ్గరా ఉంటుంది. రాత్రి ఏడిస్తే వాడే లేస్తాడు. నేను లేచి, వాడు సరిగ్గా ఎత్తుకున్నాడో లేదో చూస్తాను."

గంటమ్మ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుని, చంటిదాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది. ముందు ఎవరో గద్ద గురించి మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరూ వినలేదు.

"మరి ఆ దారంతా చీకట్లో నడపాలటగా" అంది గంటమ్మ, తనకు చేతనైనంత చిన్న గొంతుతో. అంటే నాలుగు వరసలకు వినిపించింది. "నువ్వు చేరానని ఫోను చేసేదాకా నేను కళ్ళు మూయను."

"అలా చేయకండి అత్తయ్యా. మీరు పడుకోవాలి" అంది కోడలు. గడియారం చూసి లేచింది. ఖాకీ చొక్కా సర్దుకుని, వంగి బిడ్డ నుదుటిన ముద్దు పెట్టింది. అలాగే వంగి ఉండి చెప్పింది. "ఇంట్లో మీరున్నారు, నిద్రపోతున్నారు అనుకుంటేనే నాకు స్టీరింగు మీద చేయి నిలుస్తుంది."

ఏడుస్తున్నానని ఒప్పుకోవడం ఇష్టం లేక, గంటమ్మ చంటిదాన్ని కాస్త పైకి ఎత్తి, దాని తల వెనక మొహం దాచుకుంది. అలాగే ఉండి తలూపింది, పడుకుంటానని.